మధ్యాహ్నం 2:10 స్ట్రీమ్

కాగజ్‌నగర్ రైల్వే గేటు దగ్గర స్తంభమెక్కి కేబుల్ సరిచేస్తున్న లైన్‌మన్ ఉన్నట్టుండి వెనక్కి ఒరిగాడు. నడుముకు బెల్టు ఉండడంతో కింద పడలేదు. అలాగే వేలాడుతూ ఉండిపోయాడు. టీ కొట్టు దగ్గరివాళ్లు కరెంటు షాకనుకొని కేకలు పెట్టారు. అరగంట తర్వాత దించి చూస్తే మెడ వెనక సూది మొనంత ఎర్రటి చుక్క ఉంది. పోలీసులు మాత్రం పంచనామాలో విద్యుదాఘాతమనే రాశారు. అలా రాయమని వాళ్లకు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది.

అతను లైన్‌మన్ కాడు. పేరు అంజి. ఏ గెజిట్‌లోనూ పేరు కనిపించని నిఘా విభాగంలో ఏజెంట్ 27. అతని సంచిలో, ఇన్సులేషన్ టేపు చుట్ట లోపల, ఒక చిన్న చీటీ దొరికింది.

"2:10. ఆరు నిమిషాలు. 11 రోజులు."

రెండు రోజుల తర్వాత వేములవాడలో, గుండు కొట్టించుకున్న ఒక భక్తుడు సత్రం మెట్ల మీద కూర్చున్న ముసలావిడ ముందు ఆగాడు.

"కోడె మొక్కు చీటీ దొరికిందా పెద్దమ్మా?"

"చీటీ దొరికింది బిడ్డా, కోడెనే దొరుకుతలేదు."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ సత్రం గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ముసలావిడ అనసూర్య, విభాగానికి చీఫ్. భక్తుడు లక్ష్మీరాజం, ఏజెంట్ 19. గోదావరిఖని కార్మిక క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. అంజికి పని నేర్పింది అతనే. గుండు మారువేషం కోసమే అయినా, క్షురకుడి ముందు కూర్చున్నంతసేపూ అంజినే తలుచుకున్నాడు.

"మంజులకు చెప్పినవా?" అడిగింది అనసూర్య. మంజుల అంజి భార్య.

"చెప్పిన మేడం. నేనే పోయి చెప్పిన."

ఆమె బెల్లం సంచిలోంచి ట్యాబ్ తీసింది.

"ముఠా పేరు పెలికాన్. దేశం కాని దేశంల ఉంటది, ఎవరు పైసలిస్తే వాళ్ల పని చేస్తది. ఇప్పుడు వాళ్ల తాన ఒక సరుకున్నది. యాడ కూసునన్న సరే, మన బ్యారేజీ గేట్లు లేపే ఆయుధం. కొనేటోళ్లు నమూనా చూపెట్టుమన్నరు. వచ్చే గురువారం సాయంత్రం నాలుగు గంటలకు చూపెడ్తరట."

"ఏ బ్యారేజీ?"

"గోదావరి మీద, మంచిర్యాల దిక్కు. గేట్ల కంట్రోల్ లింకు కరీంనగర్ల ఇంటర్నెట్ ఇచ్చే ఎల్గందుల్ నెట్ కంపెనీ ఫైబర్ మీదికెళ్లే పోతది. గేట్ల కింద నదిల నీళ్లు లెవ్వు, ఇసుకనే. గా ఇసుకల పుచ్చకాయ తోటలేసుకున్నోళ్లు, ఇసుక ఎత్తేటోళ్లు పిల్లాజెల్లా కలిసి నాలుగు వందల మంది ఉంటరు."

"లింకు తెంపేస్తే?"

"తెగిన క్షణమే గేట్లు లేచేటట్టు ముందుగాల్నే రాసిపెట్టిండ్రు. అంజి పంపిన ఆఖరి కబురు గదే. ఆర్డరు ఏ దారిల వస్తదో పట్టుకునే లోపట వాన్ని సంపిండ్రు. ఎల్గందుల్ నెట్‌ల లోపటి మనిషి ఎవరో ఉన్నరు."

లక్ష్మీరాజానికి కొత్త పేరు సిద్ధంగా ఉంది. వెంకటేశ్, హైదరాబాద్ కంపెనీ ఇంజనీరు. పని: ఎల్గందుల్ నెట్‌లో వీడియో ట్రాఫిక్ ఎంతుందో కొలిచి, క్యాష్ సర్వర్ అవసరమో కాదో రిపోర్టు ఇవ్వడం. పదిమందీ చూసే వీడియోలను బయటినుంచి పదిసార్లు తెప్పించే బదులు, ఒకసారి తెచ్చి ఊళ్లోనే దాచిపెట్టి పంచే పెట్టె అది. ట్రయల్ కోసమని ఒకటి వెంట తీసుకెళ్తాడు. అందులోనే విభాగం వాళ్ల కొలత యంత్రం కూడా ఉంది. వీడియోలో ఏముందో అది చూడలేదు. ఎక్కడినుంచి, ఎప్పుడు, ఎంత సైజు అన్నది మాత్రం బైటు తేడా లేకుండా లెక్కపెడుతుంది.

కరీంనగర్ మంకమ్మతోటలో మూడో అంతస్తు. నెట్‌వర్క్ కంట్రోల్ రూం ఇన్‌చార్జి రోజారాణి. ముప్పై ఏళ్లుంటాయి. ముదురాకుపచ్చ చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎర్ర ఫ్రేము కళ్లజోడు. ఆమె నడిచి వస్తుంటే కుర్చీల్లో వాలిన ఇంజనీర్లు నిటారుగా కూర్చున్నారు.

"గుండు కొత్తగున్నది సార్. వేములవాడ రాజన్న దర్శనమైనట్టుంది?"

"అయింది మేడం."

"ఏం మొక్కుకున్నరు?"

"పోయిన మనిషి మంచిగుండాలని."

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అడక్కుండానే సర్వర్ ర్యాక్ తాళం తీసి ఇచ్చింది.

నాలుగు రోజులు లక్ష్మీరాజం తెర మీద ట్రాఫిక్ గీతలు చూస్తూ కూర్చున్నాడు. మొత్తం ట్రాఫిక్‌లో డెబ్బై ఒక్క శాతం వీడియోనే. సిరిసిల్ల వైపు గీత మరమగ్గాల షిఫ్టు మారే వేళకు లేస్తుంది. సుల్తానాబాద్ గీత వరికోతల మూలంగా పగలంతా పడి ఉంటుంది. గోదావరిఖనిలో మొదటి షిఫ్టువాళ్లు బొగ్గుబావి దిగగానే సన్నబడుతుంది. తన తండ్రి బావి దిగే వేళ కూడా అదే. ఇన్ని వేల ఇళ్లవాళ్లు ఏం చూసి నవ్వుతున్నారో, ఏం చూసి ఏడుస్తున్నారో అతని పెట్టెకు తెలియదు. దానికి తెలిసినవి అంకెలే.

ఆ అంకెల్లోనే దొరికింది. రోజూ సరిగ్గా మధ్యాహ్నం రెండూ పదికి విదేశం నుంచి ఒక వీడియో స్ట్రీమ్ వస్తోంది. ఆరు నిమిషాలు. చేరేది ఏ ఇంటికో కాదు, ఇదే అంతస్తులో రోజారాణి గదిలోని కంప్యూటర్‌కు. దారిలో ర్యాక్ అడుగున, ఏ రికార్డులోనూ లేని ఒక నల్లడబ్బాను తాకి వెళ్తోంది. ఆ డబ్బానుంచి ఇంకో తీగ బ్యారేజీ లింకులోకి పోతోంది.

వీడియో నాలుగేసి సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఆరు నిమిషాలకు తొంభై ముక్కలు. ఒక్కో ముక్క సైజు ఒక్కో సంకేతం. డబ్బా బొమ్మను చూడదు, సైజులనే చదువుతుంది. ఇన్నాళ్లూ గేట్లు లేవలేదంటే రోజూ చదివేది ఒకటే మాట: ఆగు. గురువారం నాలుగింటికి వచ్చే మాట వేరుగా ఉంటుంది.

అంజి చీటీలో మొదటి రెండు మాటలకూ అర్థం తెలిసింది. మూడోది మిగిలింది. లక్ష్మీరాజం ఎల్గందుల్ నెట్ దాచుకున్న నెల రోజుల పాత లెక్కలు బయటికి తీశాడు. ఈ నెల నాలుగో తేదీ స్ట్రీమ్ సైజూ, పదిహేనో తేదీ స్ట్రీమ్ సైజూ ఒకటే. ఐదూ పదహారూ ఒకటే. పదకొండు రోజులకోసారి, ఒక్క బైటు తేడా లేకుండా, అదే వీడియో మళ్లీ వస్తోంది.

అప్పటికప్పుడు తీసే లైవ్ వీడియో అలా రాదు. ఇవి పాత రికార్డింగులు. పదకొండు ఉన్నాయి.

ఆ వివరం అనసూర్యకు పంపాడు. బుధవారం సాయంత్రం సర్కస్ గ్రౌండ్ దగ్గర పల్లీలు అమ్మే ఆవిడ దగ్గర ఆగాడు. పల్లీలు కట్టిచ్చింది అనసూర్యే.

"రోజారాణిది సిరిసిల్ల. బాపు ఇస్తారి, మగ్గం కార్మికుడు. తల్లికి నడవరాదు. ఒక తమ్ముడున్నడు, ప్రణయ్. డేటా ఎంట్రీ నౌకరని రెండేండ్ల కింద దేశం బయటికి పోయిండు. పోయినంక తెలిసింది, అది సైబర్ మోసాల కంపౌండని. పాస్‌పోర్ట్ గుంజుకొని, పద్దెనిమిది గంటలు కూసోబెట్టి, మనోళ్లకే దొంగ ఫోన్లు చేయించేటోళ్లు. గా కంపౌండ్ పెలికానోళ్లదే."

లక్ష్మీరాజం పల్లీ ఒలవబోయి ఆగాడు. "అంటే రెండూ పదికి ఆమె చూసేది..."

"తమ్మున్నే. మాటలుండయి, వట్టి బొమ్మ. పిలగాడు బతికున్నడు చూసుకో, మేం చెప్పిన పని చెయ్యి అని." అనసూర్య గొంతు తగ్గించింది. "జనవరిలనే పోయిండు లక్ష్మీరాజం. పారిపోవాలని మూడో అంతస్తుకెళ్లి దుంకిండట. అక్కడి మార్చురీ పుస్తకంల పాస్‌పోర్ట్ నంబరున్నది. ఇయ్యాల మనోడు చూసి చెప్పిండు."

మే నెల నడుస్తోంది. నాలుగు నెలలుగా ఆమె రోజూ ఒక చనిపోయినవాణ్ని చూసి ధైర్యం తెచ్చుకుంటోంది.

"ఆమెకు చెప్పకు," అంది అనసూర్య. "చెయ్యి వణుకుతది. ఆమె కంట్రోల్ రూం తాళం కార్డు దొంగతనం చేసి, పని నువ్వే కానియ్యి."

"మంజులకు నేనే చెప్పిన మేడం. గీమెకు గుడ నేనే చెప్త."

గురువారం. మధ్యాహ్నం రెండూ పదకొండుకు లక్ష్మీరాజం తలుపు తట్టకుండానే రోజారాణి గదిలోకి వెళ్లాడు. ఆమె చప్పున తెర తిప్పేసింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"తలుపు కొట్టి రావాలె సార్."

అతను రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఒక్కో దాని మీద తొంభై అంకెలు. పైన తేదీలు, మధ్య పదకొండు రోజుల తేడా.

ఆమెకు ఏమీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎనిమిదేళ్లుగా ఆమె పని ఇదే. వేలు పెట్టి మొదటి వరస చూసింది, రెండోది చూసింది. కాగితాల అడుగు దాకా వచ్చి మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది.

"సెకనుకు ఇంత డేటా అని ఫిక్స్ చేసి పంపితే సైజులు దగ్గర దగ్గరగ వస్తయి," అంది.

"దగ్గరగ వస్తయి మేడం. ఒక్కటే రావు."

తెర మీది వెలుగు ఆమె చెంప మీద కదులుతోంది.

"పదకొండు రోజులకోసారి అదే గళ్ల అంగీ," అంది చివరికి. "ఉతుక్కొని మళ్ల ఏసుకుంటుండనుకున్న. వానికి గా అంగీ అంటే పాణం. నేనే కొనిచ్చిన." తల ఎత్తింది. "ఎప్పుడు?"

"జనవరి."

"సంక్రాంతికి ముందా, ఎన్కనా?"

"ఎన్క."

ఆమె అరవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకొని, లోపలెక్కడో ఏదో తెగిపోతున్నట్టు వంగిపోయింది. లక్ష్మీరాజం తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఏం చెయ్యాలో అతనికి ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

చాలాసేపటికి అతను అడగాల్సింది అడిగాడు. "స్తంభం మీద సచ్చిపోయినోని పేరు అంజి. నా చేతి కింది పిలగాడు. వాని గురించి వాళ్లకు ఎవరు చెప్పిండ్రు?"

"నేనే." ఆమె ముఖం చేతుల్లో ఉంది. "మా లైన్‌మన్ కాదని ఫోటో పంపిన. భయపెట్టి ఎల్లగొడ్తమన్నరు. గా డబ్బా గుడ దొంగ ఐఎస్‌డీ కాల్స్‌దని చెప్పిండ్రు. సంపుతరని ఎరుకలేదన్నా. ఎరుకైనంక... ఎరుకైనంక గుడ ఊకున్న. తమ్ముడున్నడు గదా అని."

ఆమె తనను అన్నా అని పిలవడం అతను గమనించాడు. కోపం రావాలి. అంజి కోసమైనా రావాలి. రాలేదు.

బ్యారేజీ సంగతీ, ఇసుకలో ఉన్నవాళ్ల సంగతీ చెప్పాడు. వాళ్లను ఖాళీ చేయిస్తే బ్యారేజీ మీద కాపలా ఉన్న పెలికాన్ మనుషులకు తెలిసిపోతుంది, గేట్లు అప్పుడే లేస్తాయి. ఆమె విన్నది. కళ్లు తుడుచుకొని కళ్లజోడు పెట్టుకుంది.

"నాలుగింటికి ప్రణయ్‌తోటి మాట్లాడిపిస్తమన్నరు ఇయ్యాల," అంది. "రెండేండ్లల మొదటిసారి. అందుకే పొద్దున్నుంచి..." అక్కడితో ఆపేసింది.

మూడూ యాభై ఎనిమిది. ఇద్దరూ కంట్రోల్ రూంలో కూర్చున్నారు. మిగతా సిబ్బందిని ఆమె ఏదో వంకతో కిందికి పంపేసింది. ఆమె తాళం కార్డు కన్సోల్‌లో ఉంది.

నాలుగు. స్ట్రీమ్ మొదలైంది. కౌంటర్ మీద ముక్కలు పడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. లక్ష్మీరాజం తన కాగితంతో సరిచూశాడు.

"అంకెలన్నీ గళ్ల అంగీ రోజువే. పాత రికార్డింగే పెట్టిండ్రు."

"అయితే ఆఖరి ముక్కనే మార్చి ఉంటరు," అంది ఆమె. "ఎనభై తొమ్మిది ముక్కలు 'ఆగు' అన్నట్టే వస్తయి. తొంభయ్యోది ఆర్డరు. మనం ముందుగాల అడ్డుకుంటే లైన్ తెగినట్టు లెక్క, గేట్లు లేస్తయి. ఎనభై తొమ్మిదికీ తొంభైకీ నడుమ నాలుగు సెకన్లు. గప్పుడు వాళ్ల ముక్క పక్కకు మళ్లియ్యాలె, మీ క్యాష్‌లున్న పాత తొంభయ్యో ముక్క డబ్బాకు ఇయ్యాలె."

"గళ్ల అంగీ రోజుది క్యాష్‌ల ఉన్నది. సోమవారం వచ్చింది."

"తెలుసు. సోమవారం చూసిన."

పక్క తెర మీద ప్రణయ్ ఉన్నాడు. లక్ష్మీరాజం అతని ముఖం చూడడం అదే మొదటిసారి. సన్నటి కుర్రవాడు, కంప్యూటర్ ముందు కూర్చొని కప్పు నూడుల్స్ తింటున్నాడు. మధ్యలో చెవి గోక్కున్నాడు.

నలభై ముక్కలయ్యాయి. ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

"అక్కా."

ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "ప్రణయ్?"

"అక్కా, నేనే. ఎలా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను."

ఆమె లక్ష్మీరాజం వైపు తిరిగింది. కళ్లలో నిప్పులు. "వాని గొంతే! బతికే ఉన్నడు. నాకు అబద్ధం చెప్పినవు!"

"మేడం, గొంతును గుడ తయారు చేస్తరు..."

"నోర్ముయ్యి!" ఆమె చెయ్యి కన్సోల్ మీదినుంచి వెనక్కి పోయింది.

అరవై. అరవై ఒకటి. లక్ష్మీరాజం జేబులో పెన్ను ఆకారంలో ఒక మత్తు సూది ఉంది. ఆమె మెడకు గుచ్చి కార్డు తానే వాడొచ్చు. అనసూర్య చెప్పింది ఇంచుమించు అదే. చెయ్యి జేబులోకి పోయింది. మెడ వెనక ఎర్రటి చుక్క గుర్తొచ్చింది. చెయ్యి బయటికి తీసేశాడు.

"ఇంకా మాట్లాడిపియ్యి మేడం," అన్నాడు మెల్లగా. "నువ్వే ఇను. నాకంటె నీకే ఎరుక."

ఫోన్‌లో గొంతు ఆగకుండా చెబుతోంది. "అక్కా, ఈ ఆరు నిమిషాలు నువ్వు ఏమీ ముట్టుకోవద్దు. నన్ను పంపించేస్తామని అన్నారు. వచ్చే వారం వచ్చేస్తాను."

ఆమె ఫోన్ మీదికి వంగింది. "ప్రణయ్... ఇంట్ల ఎదురు చూస్తుండ్రురా. ఏమన్న చెప్పుమంటవా?"

"అమ్మానాన్నలకు నేను క్షేమంగా ఉన్నానని చెప్పు అక్కా."

డెబ్బై తొమ్మిది. ఎనభై.

రోజారాణి ఫోన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టింది. అందులోంచి గొంతు అక్కా అక్కా అంటూనే ఉంది.

"కన్న అవ్వను వాడు ఎన్నడు అమ్మ అనలే," అంది. "బాపును నాన్న అనలే. వస్తా అంటడు గని, వచ్చేస్తాను అనడు. మా వాడ మొత్తంల గట్ల మాట్లాడేటోడు ఒక్కడు లేడు." ఆమె చెయ్యి కన్సోల్ మీదికి వచ్చింది. "ఎవనికో పుస్తకాల తెలుగు నేర్పిండ్రన్నా."

ఎనభై ఏడు. ఎనభై ఎనిమిది. తెర మీద ప్రణయ్ కప్పు పక్కన పెట్టి, ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. ఎనభై తొమ్మిది.

ఆమె నొక్కింది.

కౌంటర్ ఒక క్షణం ఆగింది. తర్వాత తొంభై పడింది. నల్లడబ్బా మీద పచ్చదీపం రెండుసార్లు మిణికి, రోజూలాగే ఆరిపోయింది. బ్యారేజీ కంట్రోల్ రూంలో కూర్చున్న విభాగం మనిషి ఫోన్‌లో ఒకే ముక్క చెప్పాడు. "గేట్లు కదల్లేదు."

తెర మీది బొమ్మ కూడా ఆగిపోయింది. వాళ్ల ముక్కను పక్కకు మళ్లించారు కదా, ఆమె కంప్యూటర్‌కు తొంభయ్యోది చేరలేదు. ప్రణయ్ తల తిప్పుతూ తిప్పుతూ అక్కడే నిలిచిపోయాడు. ఆమె ఆ తెరను ఆర్పలేదు.

నాలుగుంపావుకు బ్యారేజీ మీద ఇద్దరిని పట్టుకున్నారు. రాబందుల ఫోటోలు తీసేవాళ్లమని కాగజ్‌నగర్ లాడ్జిలో నెల రోజులుగా దిగి ఉన్నారు. వాళ్ల డ్రోన్ కెమెరా ఎండిన గోదావరిని కొనుగోలుదారులకు లైవ్‌లో చూపిస్తూనే ఉంది. ఒకరి కెమెరా లెన్సులో విషపు సూదులు ఊదే గొట్టం దొరికింది, అంజిని చంపింది దాంతోనే. వాళ్లిచ్చిన ఆచూకీతో మూడో రోజుకు కంపౌండ్ మీద దాడి జరిగింది. నూట పన్నెండు మంది బయటికొచ్చారు. వాళ్లలో సిరిసిల్ల నుంచి ఎవరూ లేరు.

రోజారాణిని అరెస్టు చేసి తీసుకెళ్లేటప్పుడు ఆమె ఒకటే అడిగింది. "బాపుకు ఎవరు చెప్తరు?"

"నేను పోత చెల్లె."

సిరిసిల్లలో ఇస్తారి మగ్గం ఆపకుండానే విన్నాడు. ఆ చప్పుడులో వినపడలేదేమోనని లక్ష్మీరాజం రెండోసారి చెప్పబోయాడు.

"ఇన్న సార్," అన్నాడు ఇస్తారి. "జర ఆగుండ్రి. ఈ తాన్ అయిపోనియ్యి. ఆపితే ఇంట్ల ఉన్నామె ఏమైందని అడుగుతది."

లక్ష్మీరాజం ఆగాడు. గుడ్డ అయిపోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి లోపలికి వెళ్లారు.

మర్నాడు అంజి సంచీ, వాచీ మంజులకు అప్పగించడానికి మంచిర్యాల వైపు వెళ్తూ, బ్యారేజీ దాటాక జీపు ఆపాడు. ఇసుక ఒడ్డున గొడుగు కింద ఒక రైతు పుచ్చకాయలు పెట్టుకొని కూర్చున్నాడు. కాయ కోసి ముక్క చేతికిచ్చాడు. తియ్యగా లేదు.

"నీళ్లు లేక కాయ ఎదగలే సార్," అన్నాడు రైతు, గేట్ల వైపు చెయ్యి ఊపుతూ. "ఒక్క గేటన్న జరంత లేపుండ్రని నెల సంది మొత్తుకుంటున్నం. ఎవడన్న పట్టించుకుంటుండా? గా ఆఫీసుల కూసున్నోళ్లకు మా మీద జరంత గుడ ఫికర్ లేదు."

"నిజమే," అన్నాడు లక్ష్మీరాజం. ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.